నెలకు ఐదు వందలతో షేర్ల పాఠం

(నెల్లూరులో పొదుపు సంఘాల మహిళలకు, డిగ్రీ విద్యార్థులకు ఏర్పాటు చేసిన అవగాహన సదస్సులో ఒక కామర్స్ అధ్యాపకురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కింద కూర్చోండి, చాప ఖాళీగానే ఉంది. మైకు సరిగా పనిచేయడం లేదు. వినబడకపోతే చెయ్యి ఎత్తండి, మళ్లీ చెబుతాను.

ఈ జిల్లాలో నిలబడి పొదుపు గురించి మాట్లాడాలంటే నాకు కొంచెం జంకుగానే ఉంటుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం వేడి ఆరకముందే, సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెట్టుకుందామని ఇక్కడే పొదుపు లక్ష్మి మొదలైంది. మీలో కొందరు ఆ రూపాయి కట్టినవాళ్లు, ఇంకొందరు ఆ తల్లుల పిల్లలు. కాబట్టి పొదుపు ఎలా చేయాలో నేను మీకు చెప్పను. అది మీ దగ్గరే నేను నేర్చుకోవాలి. షేర్లు మాత్రం మీకు కొత్త. దాని గురించి నాకు తెలిసింది చెబుతాను.

ముందే ఒక మాట సూటిగా చెప్పేస్తాను. నెలకు ఐదు వందలు షేర్లలో పెడితే ధనవంతులు అయిపోరు. అలా చెప్పేవాళ్లు ఫోన్లలో చాలామంది ఉన్నారు, నేను ఆ మాట అనలేను. మరి ఎందుకు పెట్టాలి? ఐదు వేలు పెట్టుబడిగా ఉన్నప్పుడు తొందరపడి పది శాతం పోగొట్టుకుంటే పోయేది ఐదు వందలు. అదే తప్పు రిటైరయ్యాక వచ్చిన ఇరవై లక్షలతో చేస్తే పోయేది రెండు లక్షలు. మార్కెట్ పడినప్పుడు మన గుండె ఎలా కొట్టుకుంటుందో, పక్కింటివాళ్లు లాభం చెప్పుకున్నప్పుడు మన చెయ్యి ఎలా లాగుతుందో పుస్తకంలో చదివితే తెలియదు. మన సొంత డబ్బు అందులో ఉంటేనే తెలుస్తుంది. ఆ డబ్బు చిన్నదిగా ఉండగానే తెలుసుకోవాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

నేను నేర్చుకున్న తీరు చెబుతాను. 1995లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కంపెనీ జనానికి షేర్లు అమ్మే పబ్లిక్ ఇష్యూకి వెయ్యి రూపాయలు కట్టాను. పది రూపాయల షేర్లు వంద. అప్పట్లో ఊరూరా దరఖాస్తు ఫారాలు పంచేవాళ్లు. స్టాఫ్ రూములో అందరూ నింపుతున్నారని నేనూ నింపాను. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు. షేరు సర్టిఫికెట్ వచ్చింది, మంచి దళసరి కాగితం. రెండేళ్ల తర్వాత ఆ అడ్రసుకు ఉత్తరం రాస్తే, అక్కడ అలాంటి ఆఫీసు లేదని కవరు తిరిగొచ్చింది. ఆ రోజుల్లో అలా జనం దగ్గర డబ్బు తీసుకుని కనబడకుండా పోయిన కంపెనీలు ఎన్నో. వాటికి వానిషింగ్ కంపెనీలు అని పేరు పెట్టి ప్రభుత్వమే జాబితా తయారు చేయాల్సి వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఏటా కొత్త బ్యాచ్ పిల్లలకు అది చూపించి పాఠం మొదలుపెడతాను. ఆ వెయ్యి నాకు నేర్పింది ఒకటే: అందరూ కొంటున్నారన్నది కొనడానికి కారణం కాదు.

ఇప్పుడు పనిలోకి వెళ్దాం. షేరు జోలికి పోకముందే చూసుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది అప్పు. మీలో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఉంటే చెప్పండి... పర్వాలేదు, చేతులు ఎత్తక్కర్లేదు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. మూడు రూపాయలైతే ముప్పై ఆరు. ఏ షేరూ, ఏ ఫండూ ఏటా ఇరవై నాలుగు శాతం ఖాయంగా ఇస్తానని చెప్పలేదు. చెప్పినవాడు అబద్ధమాడుతున్నట్టే. మీరు ఆ అప్పులోంచి ఐదు వందలు తీర్చారంటే, ఆ ఐదు వందల మీద ఇరవై నాలుగు శాతం వడ్డీ ఆ రోజు నుంచే మిగిలినట్టు. మీ మొదటి పెట్టుబడి అదే. అది తీరేదాకా ఇక్కడ విన్నది గుర్తు పెట్టుకోండి చాలు, ఖాతా తెరవకండి.

రెండోది, మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరిస్తే, మార్కెట్ పెరిగేదాకా ఆసుపత్రి ఆగదు. ఆ రోజు ఎంత నష్టానికైనా షేర్లు అమ్మాల్సి వస్తుంది. షేర్లలో ఎక్కువమంది నష్టపోయేది తప్పు కంపెనీ కొని కాదు, తప్పు రోజున అమ్మాల్సి వచ్చి. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇక ఖాతా విషయం. షేర్లు మన పేరున ఉంచే ఖాతాను డీమ్యాట్ ఖాతా అంటారు. కావాల్సినవి పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా క్లాసుకు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఖాతాకు భర్త నంబరో కొడుకు నంబరో ఇస్తున్నారు. "నాకు ఫోను రాదు మేడం, వాడే చూసుకుంటాడు" అంటారు. అలా ఇస్తే ఓటీపీ వాళ్లకు వెళ్తుంది. మీ షేర్లు అమ్మాలన్నా, డబ్బు ఇంకో చోటికి మళ్లించాలన్నా అడిగేది ఆ ఓటీపీయే. మనవాళ్లను అనుమానించమని చెప్పడం లేదు. సాయంత్రం ఎక్స్చేంజి, అంటే షేర్లు కొని అమ్మే సంత, అక్కడి నుంచి "ఈ రోజు మీ ఖాతాలో ఈ లావాదేవీ జరిగింది" అని మెసేజ్ వస్తుంది. అది మీ కంట పడకపోతే మీ డబ్బు ఎటు పోతోందో మీకు తెలియదు. కీప్యాడ్ ఫోనైనా సరే, నంబరు మీదే ఉండాలి. అలాగే నామినీ పేరు ఖాతా తెరిచిన రోజే రాయండి. రేపు రాద్దామని వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను. మనిషి పోయాక ఆయన షేర్ల కోసం ఇంటివాళ్లు సంవత్సరాల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు.

సరే. షేరు అంటే ఏమిటి? కంపెనీలో చిన్న వాటా, అంతే. ఇది అందరికీ తెలుసు. కానీ నా దగ్గరకు వచ్చే కొత్తవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఒకే చోట తడబడతారు. "మేడం, నా దగ్గర డబ్బు తక్కువ, అందుకని చవక షేర్లు కొంటాను" అంటారు. పది రూపాయల షేరు చవక, లక్ష రూపాయల షేరు ఖరీదు అనుకుంటారు.

టైర్లు చేసే ఎంఆర్‌ఎఫ్ కంపెనీ తెలుసు కదా. దాని ఒక్క షేరు 2023లో లక్ష రూపాయలు దాటింది. ఆ కంపెనీ మొత్తం షేర్లు సుమారు 42 లక్షలే. మరోవైపు వోడాఫోన్ ఐడియా షేరు 2025లో పది రూపాయలకు అటూ ఇటూగా తిరిగింది. కానీ దాని షేర్లు పదివేల కోట్ల పైచిలుకు. ఇప్పుడు షేరు ధరను షేర్ల లెక్కతో హెచ్చించి చూడండి. ఎంఆర్‌ఎఫ్ మొత్తానికి మార్కెట్ కట్టిన విలువ కంటే ఆ పది రూపాయల కంపెనీకి కట్టిన విలువే ఎక్కువ వస్తుంది. ఈ రెండింట్లో ఏదీ కొనమనీ చెప్పడం లేదు, వద్దనీ చెప్పడం లేదు. పిజ్జాను నాలుగు ముక్కలు కోసినా నలభై ముక్కలు కోసినా పిజ్జా అంతే, ముక్కే చిన్నదవుతుంది. ముక్క ధర చూసి పిజ్జా చవకని ఎవరూ అనరు. "రెండు రూపాయల షేరు, నాలుగు రూపాయలైతే డబ్బు డబల్" అని ఎవరైనా అంటే, ఆ కంపెనీ ఏటా ఎంత సంపాదిస్తోంది, ఎంత అప్పులో ఉంది అని అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు.

మరి ఐదు వందలతో ఏం కొనాలి? కొత్తవాళ్లకు నేను చెప్పేది ముందు ఇండెక్స్ ఫండ్. ఎందుకో చెప్పాలంటే మన తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఒక రోజుకు వెళ్లాలి.

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటకు వచ్చింది. లెక్కల్లో చూపించిన వేల కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులో షేరు విలువలో మూడొంతులకు పైగా పోయింది. అంతకుముందు సత్యం అంటే హైదరాబాద్‌కే గర్వం. అందులో ఉద్యోగం వచ్చిందంటే ఊళ్లో పెళ్లి సంబంధాలు వరస కట్టేవి. తెలిసిన కంపెనీ, మనవాళ్ల కంపెనీ, పెద్ద ఆడిటర్లు సంతకం చేసిన కంపెనీ. అలాంటిదే అయినా కూలింది. అక్కడే జీతం, అక్కడే షేర్లు ఉన్నవాళ్లకు రెండూ ఒకేసారి కదిలిపోయాయి.

పెద్ద కంపెనీల షేర్ల ధరలు కలిపి మార్కెట్ తీరు చూపించే సూచీలు సెన్సెక్స్, నిఫ్టీ. అప్పుడు సెన్సెక్స్‌లో ఉన్న 30 కంపెనీల్లో సత్యం ఒకటి, నిఫ్టీలో ఉన్న 50లో కూడా ఒకటి. ఆ రోజు సెన్సెక్స్ ఏడు శాతం పైగా పడింది. తర్వాత రెండు సూచీల నుంచీ సత్యంను తీసేసి వేరే కంపెనీలను పెట్టారు. ఆ మే నెలలో ఎన్నికల ఫలితాలు వచ్చాక సెన్సెక్స్ జనవరి స్థాయిని బాగా దాటిపోయింది. ఒక్క సత్యం షేరే కొన్నవాళ్ల పరిస్థితి వేరు, యాభై కంపెనీల బుట్ట కొన్నవాళ్ల పరిస్థితి వేరు. ఇండెక్స్ ఫండ్ అంటే ఆ బుట్ట, అందరి డబ్బూ కలిపి సూచీలో ఉన్న షేర్లన్నీ కొంటుంది. నిఫ్టీ 50 జాబితాను ఆరు నెలలకోసారి సమీక్షిస్తారు. చిన్నబోయిన కంపెనీ బయటకు పోతుంది, పెరిగింది లోపలికి వస్తుంది. ఏది మంచిదో మనం కనిపెట్టాల్సిన పని లేదు. నెలకు ఐదు వందలతో మొదలుపెట్టవచ్చు, కొన్ని ఫండ్లు వంద కూడా తీసుకుంటాయి. 2025 ఫిబ్రవరిలో ఎస్‌బీఐ మ్యూచువల్ ఫండ్ 250 రూపాయలతో జన్‌నివేశ్ అని ఒకటి తెచ్చింది, అది ఇండెక్స్ ఫండ్ కాదనుకోండి. డబ్బు చిన్నదని ఇప్పుడు ఎవరూ వెనక్కి పంపరు.

ఫండ్ తీసుకునేటప్పుడు పేరు చివర "డైరెక్ట్" అని ఉందో "రెగ్యులర్" అని ఉందో చూడండి. రెగ్యులర్‌లో మధ్యవర్తి కమీషన్ ఉంటుంది, అది మీ డబ్బులోంచే ఏటా పోతుంది. మీకు దగ్గరుండి సలహా చెప్పే మంచి మనిషి ఉంటే ఆ కమీషన్ ఇవ్వడంలో తప్పు లేదు. ఎవరూ లేకుండా మీరే ఫోనులో కొనుక్కుంటూ కమీషన్ కట్టకండి.

చిన్న డబ్బుకు అసలు శత్రువు ఖర్చు. దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. మనకు షేర్లు కొనిపెట్టే బ్రోకర్లలో కొందరు, మీరు షేరు కొని ఉంచుకుంటే ఏమీ తీసుకోరు, కొందరు ఆర్డరుకు ఇరవై రూపాయల దాకా తీసుకుంటారు. లక్ష పెట్టేవాడికి ఇరవై రూపాయలు లెక్కలోకి రాదు. మీరు ఐదు వందల షేరు కొంటే నాలుగు శాతం అక్కడే పోయింది. అమ్మేటప్పుడు డీపీ చార్జీ అని ఇంకొకటి ఉంది. ఒక్క షేరు అమ్మినా వంద అమ్మినా ఒకటే, పన్నుతో కలిపి పదిహేను ఇరవై రూపాయల దాకా. 480కి కొన్న షేరును 500కి అమ్మి ఇరవై లాభమని సంబరపడిన అమ్మాయికి స్టేట్‌మెంట్ తెరిచి చూపించాను, ఆ లాభంలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి మళ్లీ వారంలోపు అమ్మే పని పెట్టుకోలేదు. ఏడాదికోసారి డీమ్యాట్ నిర్వహణ ఫీజు కూడా ఉంటుంది. ఒకటే డీమ్యాట్ ఖాతా ఉండి, అందులో నాలుగు లక్షల లోపు ఉంటే బేసిక్ సర్వీసెస్ ఖాతాగా పెట్టమని అడగండి. 2024 సెప్టెంబరు నుంచి దానికి ఆ ఫీజు లేదు. అడగకపోతే కొన్ని చోట్ల వేస్తూనే ఉంటారు.

పన్ను గురించి చెబుతాను, టెన్షన్ పడకండి. ఏడాది దాటాక అమ్మిన షేర్ల లాభం సంవత్సరంలో లక్షా ఇరవై ఐదు వేలు దాటితేనే, దాటినదాని మీద పన్నెండున్నర శాతం. ఏడాదిలోపు అమ్మితే లాభం మీద ఇరవై. ఇప్పటికి ఇంత చాలు.

ఇక మార్కెట్ పడటం గురించి. పడుతుంది. పడదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2008 జనవరిలో 6,300 దగ్గరున్న నిఫ్టీ అక్టోబరుకు 2,300 కిందికి దిగింది. మళ్లీ ఆ ఎత్తును ముట్టుకోవడానికి 2010 నవంబరు దాకా పట్టింది, అక్కడా నిలవలేదు. 2014 వచ్చేదాకా గట్టిగా దాటలేదు. అంటే ఆ జనవరిలో ఉన్నదంతా ఒకేసారి పెట్టినవాళ్లు కంపెనీలు లాభంలోంచి పంచే డివిడెండ్లు తప్ప ఆరేళ్లు ఏమీ చూడలేదు. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి 23న ఒక్కరోజే పదమూడు శాతం పోయింది. ఆ సారి మాత్రం నవంబరుకే పాత స్థాయికి వచ్చేసింది. ఏది ఎన్నాళ్లు పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే ఏడేళ్లలోపు అవసరమయ్యే డబ్బు ఇందులోకి తేవద్దంటున్నాను.

నెలనెలా పెట్టేవాళ్లకు ఇక్కడే ఒక మేలుంది. బోర్డు మీద చూడండి. నెలకు వెయ్యి చొప్పున ఐదు నెలలు పెట్టారు. యూనిట్ ధర, అంటే ఫండ్‌లో ఒక వాటా ధర, మొదటి నెల వంద, తర్వాత ఎనభై, తర్వాత యాభై, మళ్లీ ఎనభై, చివరికి వంద. మీకు వచ్చిన యూనిట్లు పది, పన్నెండున్నర, ఇరవై, పన్నెండున్నర, పది. మొత్తం అరవై ఐదు. పెట్టింది ఐదు వేలు, చేతిలో ఉన్నది ఆరున్నర వేలు. ధర మొదలైన చోటికే వచ్చింది, అంతకంటే ఒక్క రూపాయి పెరగలేదు. ఆ పదిహేను వందలు ఎక్కడి నుంచి వచ్చాయి? యాభైకి పడిన నెలలో భయపడకుండా కట్టిన వెయ్యి నుంచే ఎక్కువ భాగం. ధర యాభై దగ్గరే ఉండిపోతే నష్టమే, అది కూడా నిజం. కానీ ఆ నెల కట్టడం మానేసినవాళ్లకు ఈ మేలు ఎప్పటికీ దక్కదు. మీరు సంఘంలో వాన వచ్చినా, ఇంట్లో పెళ్లున్నా నెల కంతు ఆపలేదు కదా. ఆ అలవాటే ఇక్కడా కావాలి.

దీర్ఘకాలం లెక్క కూడా నిజాయితీగా చూద్దాం. నెలకు ఐదు వందలు, ఇరవై ఏళ్లు, ఏటా పది శాతం వస్తుందని ఊహించుకుందాం. కట్టింది లక్షా ఇరవై వేలు, చివరికి సుమారు మూడు లక్షల ఎనభై వేలు. వినడానికి బావుంది. కానీ ఈ ఇరవై ఏళ్లలో ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, ఆ రోజు ఆ డబ్బుతో కొనగలిగేది నేడు లక్షా ఇరవై వేలతో కొనగలిగినంతే. అందుకే ఐదు వందల దగ్గరే ఆగిపోవద్దంటాను. జీతం పెరిగినప్పుడు, అప్పు తీరినప్పుడు ఇదీ పెంచాలి. ఏటా పది శాతం పెంచుతూ పోతే అదే లెక్కలో చివరి మొత్తం రెట్టింపు దాటుతుంది.

(సభలో ఒక విద్యార్థి: మేడం, ఇండెక్స్ ఒక్కటే అయితే నేర్చుకునేది ఏముంది? కంపెనీ షేర్లు కొనకూడదా?)

మంచి ప్రశ్న, కూర్చో నాన్నా. కొనాలి. నా క్లాసులో అందరిచేతా కొనిపిస్తాను, ఒక్క షేరు. ఐదు వందల్లో నాలుగు వందలు ఇండెక్స్ ఫండ్‌కు, వంద పక్కన. ఆరేడు నెలలకు ఒక షేరు డబ్బు జమవుతుంది. ఆ ఆరేడు నెలలూ కంపెనీని చదవడానికి. మీ ఇంట్లో వాడే వస్తువు చేసేదో, మీరు పనిచేసే రంగంలోదో తీసుకోండి. దాని వార్షిక నివేదిక బీఎస్‌ఈ అనే ఎక్స్చేంజి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. మూడు వందల పేజీలు చూసి భయపడకండి. లాభం చూపించారు సరే, వ్యాపారంలోంచి నిజంగా నగదు వచ్చిందా అని క్యాష్ ఫ్లో పట్టికలో చూడండి. అప్పు పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా చూడండి, అది ఎక్స్చేంజి వెబ్‌సైటులో ఉంటుంది. ఇవన్నీ చూసినా సత్యం లాంటి మోసం దొరక్కపోవచ్చు. అందుకే ఒక్క షేరే అంటున్నాను.

కొనే ముందు నోటుపుస్తకంలో రాయాలి: తేదీ, ధర, ఎందుకు కొంటున్నాను, ఏం జరిగితే అమ్ముతాను. నాలుగు లైన్లు చాలు. ఏడాది తర్వాత ఆ పేజీ తిప్పితే మనం ఎక్కడ తప్పుగా ఆలోచించామో మన చేతిరాతలోనే కనబడుతుంది. కిందటి సంవత్సరం బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి తన మొదటి డివిడెండ్ మెసేజ్ నాకు ఫోనులో చూపించింది. ఏడు రూపాయలు. "మేడం, నేను షాపులో నిలబడి ఉంటే ఇది వచ్చింది" అంది. ఆ తర్వాత ఆ కంపెనీ వార్షిక సమావేశం ఆన్‌లైన్‌లో జరిగితే మధ్యాహ్నం భోజనం వేళ చూసింది, ఓటు కూడా వేసింది. ఒక్క షేరున్నా ఆ హక్కు ఉంటుంది. ఆ అమ్మాయి కళ్లు చూశాక నాకు ఈ పని ఇంకో ఇరవై ఏళ్లు చేయాలనిపించింది.

ఇప్పుడు పిల్లలకు ప్రత్యేకంగా. ఆప్షన్లు. అంటే షేరు కాదు, గడువులోపు ఒక ధరకు దాన్ని కొనే లేదా అమ్మే హక్కు మాత్రమే కొనడం. మూడు వేలతో మొదలుపెట్టి సాయంత్రానికి పదివేలు చేసిన స్క్రీన్‌షాట్లు మీ గ్రూపుల్లో తిరుగుతాయని తెలుసు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ లెక్క తీసింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్ అనే ఇలాంటి గడువు ఒప్పందాల్లో, ఆప్షన్లలో దిగిన మామూలు వ్యక్తుల్లో నూటికి తొంభై ముగ్గురు నష్టపోయారు. అందరి నష్టం కలిపితే లక్షా ఎనభై వేల కోట్లకు పైగా. వాళ్లెవరో తెలుసా? మూడొంతుల పైగా ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం చూపించినవాళ్లు. మనలాంటి ఇళ్లవాళ్లు. మీరు కొనే ఆ ఆప్షన్‌కు గడువు ఉంటుంది, గడువు దాటితే విలువ సున్నా కావచ్చు. షేరు పడితే ఆగవచ్చు, ఆప్షన్ ఆగనివ్వదు. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడేలో కూడా 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. నా విద్యార్థి ఒకడు ఫీజు డబ్బు అందులో పెట్టి, ఇంట్లో చెప్పలేక రెండు నెలలు కాలేజీకి రాలేదు. మీలో ఎవరైనా ఇప్పటికే అందులో ఇరుక్కుని ఉంటే ఇవాళే ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే నా దగ్గరకు రండి, మీతో పాటు నేను వచ్చి చెబుతాను.

(ఒక మహిళ: మాకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉందమ్మా. వాళ్ల యాప్‌లో మా చెల్లెలి డబ్బు ఇరవై వేలు యాభై వేలైనట్టు చూపిస్తోంది.)

తీసుకోమనండి. ఇవాళే, మొత్తం వెనక్కి తీసుకోమనండి. "తీసుకోవాలంటే ముందు పన్ను కట్టండి, ఫీజు కట్టండి" అన్నారంటే అది మోసం, ఇంకో రూపాయి కట్టకూడదు. వెంటనే 1930కి ఫోను చేయండి, అది సైబర్ నేరాల నంబరు, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఏ యాప్‌లోనైనా అంకె కనబడటం వేరు, షేరు నిజంగా మీ పేరున ఉండటం వేరు. షేర్లు ఉండేది సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ అనే రెండు డిపాజిటరీల్లో. వాళ్ల నుంచి మీ పేరున స్టేట్‌మెంట్ మెయిల్‌కు వస్తుంది. అందులో ఉన్నదే మీది. సలహా చెప్పేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని సెబీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి. లైసెన్సు ఉన్న బ్రోకరు మీద ఫిర్యాదైతే సెబీ వాళ్ల స్కోర్స్ పోర్టల్ ఉంది.

(మరొకరు: చీటీ మానేసి ఇందులో పెట్టమంటారా?)

వద్దమ్మా. రిజిస్టరైన చీటీ అయితే కట్టుకోండి. పాప ఫీజు జూన్‌లో కట్టాలి, స్లాబు వేసేది వచ్చే ఏడాది, ఇలా తేదీ తెలిసిన అవసరాలకు చీటీయే నయం, లేదంటే బ్యాంకు ఆర్‌డీ. ఏ తేదీకీ ముడిపడని డబ్బే ఇక్కడికి తేవాలి.

(ఇంకొకరు: నాకు యాభై నాలుగేళ్లు. ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?)

అప్పు లేదు కదా? బ్యాంకులో ఖర్చుకు డబ్బుంది కదా? అయితే నెలకు ఐదు వందలు, అంతకు మించి వద్దు. మిగతా పొదుపు ఇప్పుడున్న చోటే ఉంచండి. అరవై రెండేళ్లు వచ్చేసరికి ఎనిమిదేళ్ల అనుభవం మీకుంటుంది. మీవారు రిటైరై డబ్బు వచ్చినప్పుడు ఇంటికి నలుగురు ఏజెంట్లు వస్తారు. ఆ రోజు వాళ్లను ఏం అడగాలో ఇంట్లో మీకు తెలిసి ఉంటుంది.

సరే, ఇక్కడ మేము ఎవరి ఖాతా తెరవడం లేదు, ఏ కంపెనీ మనిషీ ఇక్కడ లేరు. ఇప్పటికే డీమ్యాట్ ఉన్నవాళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి, మీ మెయిల్ తెరిచి డిపాజిటరీ స్టేట్‌మెంట్ ఎలా చదవాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను. ఆ చెల్లెలి డబ్బు సంగతి చెప్పిన అమ్మ ముందు రండి, ఇప్పుడే ఆవిడతో మాట్లాడదాం.